పన్నెండు చింతగింజలు

చిత్తూరు
చిరంజీవి మాధవికి,

పిల్లల మనసు గురించి నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది. కానీ "ఎలా పేర్చినా వస్తువుల లెక్క మారదన్న సంగతి అయిదేళ్ల పిల్లలకు తెలియదని స్విస్ మనస్తత్వవేత్త పియాజే తేల్చాడు" అని ఒక్క వాక్యంలో ముగించేశావు. అక్కడ ఆగాలి తల్లీ. ఏం తేలిందో చెప్పేముందు ఎలా అడిగారో చెప్పాలి.

ఆ పరీక్ష నువ్వే చేసి చూడు. తిరుపతిలో మీ వీధి అంగన్వాడీకి పన్నెండు చింతగింజలు తీసుకుపో. టీచరునీ తల్లిదండ్రులనీ ముందే అడిగి ఒప్పించుకో. ఆరేసి గింజలు రెండు వరసలుగా, ఎదురెదురుగా పేర్చు. "రెండూ సమానమా, ఏదన్నా ఒకదాంట్లో ఎక్కువుండాయా?" అని అడుగు. సమానమంటారు. బిడ్డ చూస్తుండగానే ఒక వరసలో గింజలను ఎడంఎడంగా జరిపి, అదే ప్రశ్న మళ్లీ అడుగు. నాలుగైదేళ్ల పిల్లల్లో చాలామంది పొడుగు వరసనే చూపిస్తారు. పియాజే చూసింది ఇదే.

అయితే ఇక్కడో చిక్కుంది. పెద్దవాళ్లు అడిగిందే మళ్లీ అడిగితే మొదటి జవాబు తప్పేమో అనుకోవడం బడికి పోయే బిడ్డకు అలవాటు. 1974లో రోజ్, బ్లాంక్ అనే పరిశోధకులు వరస జరిపాక ఒక్కసారే అడిగి చూశారు. ఆరేళ్ల పిల్లల తప్పులు తగ్గాయి. ఆ రోజుల్లోనే మెక్‌గారిగల్, డొనాల్డ్‌సన్ ఒక బొమ్మ ఎలుగుబంటి అల్లరిగా వచ్చి వరస చెదరగొట్టినట్టు చేశారు. సరైన జవాబులు పెరిగాయి. పెద్దమనిషి పనిగట్టుకుని జరిపితే ఏదో మారిందనుకునే బిడ్డ, అల్లరి బొమ్మ చెదరగొడితే గింజల సంగతే ఆలోచిస్తుంది. బొమ్మ వచ్చినా తప్పు చెప్పినవాళ్లూ ఉన్నారు, కాబట్టి పియాజేను కొట్టిపారేయకు. "తెలియదు" అనేముందు "ఇలా అడిగితే" అని చేర్చు.

మనవైపు ఇంకో చిక్కుంది. ఇంట్లో "జాస్తి" అనే బిడ్డను "అధికంగా ఉన్నవి ఏవి?" అని అడిగితే మనం పరీక్షించేది లెక్కను కాదు, పుస్తకాల తెలుగును. నగరి, కుప్పం పక్క ఇంట్లో అరవం మాట్లాడే పిల్లలకు ప్రశ్నే సగం అర్థమై ఉండొచ్చు. అందుకే అడిగిన మాటను అడిగినట్టే, అక్కడికక్కడే నోటుబుక్కులో రాసుకో. ఇంటికొచ్చి రాస్తే అది గ్రాంథికంలోకి జారిపోతుంది. అడిగేటప్పుడు నీ చూపు ఏ వరస మీదా నిలవకూడదు. పిల్లలు గింజల్నే కాదు, నీ కళ్లనూ చదువుతారు.

ఇక సైంటిస్టుల బాధ్యత అంటూ నువ్వు రాసిన పేరాలో ఉపన్యాసం ఎక్కువైంది. ఒక ఉదాహరణ చాలు. 1993లో 36 మంది కాలేజీ విద్యార్థులకు పది నిమిషాలు మోజార్ట్ సంగీతం వినిపిస్తే, ఆకారాలను మనసులో మలుచుకునే ఒక పరీక్షలో కాస్త మెరుగయ్యారు. ఆ ప్రభావం పది, పదిహేను నిమిషాలు ఉంది. అంతే. అందులో పసిపిల్లలెవరూ లేరు. అయినా బిడ్డ తెలివి పెరుగుతుందని క్యాసెట్లు, సీడీలు అమ్ముకున్నారు. 1998లో అమెరికాలోని జార్జియా గవర్నరు పుట్టిన ప్రతి బిడ్డకూ సంగీతం పంచాలని బడ్జెట్టులో ప్రతిపాదించాడు. తన ఫలితం ఎంతవరకు వర్తిస్తుందో శాస్త్రవేత్త ముందే చెప్పాలి. దాన్ని ఎవరైనా సాగదీస్తే మళ్లీ గట్టిగా చెప్పాలి. ఆ సాగదీత మొదలయ్యేది చాలాసార్లు మనలాంటి వాళ్ల శీర్షికల్లోనే, అది మరవకు.

నీ వ్యాసంలోనూ ఆ ఛాయ ఉంది. మళ్లీ చదవడంకన్నా పుస్తకం మూసి గుర్తుచేసుకోవడమే మేలని 2006 నాటి ప్రయోగాన్ని చూపించావు. రోడిగర్, కార్పికీ పరీక్షించింది కాలేజీవాళ్లను. అయిదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. రెండు రోజులకు, వారానికి గుర్తుచేసుకున్నవాళ్లు ముందున్నారు. రెండూ రాయి. మొదటిది వదిలేస్తే, రేపటి పరీక్షకు చదివించే తల్లి "మా వాడికి పనిచేయలేదే" అంటుంది, నీ మిగతా మాటలూ నమ్మదు.

పిల్లల పేర్లు, ఫోటోలు వ్యాసంలో వద్దు. ఏం గమనించావో టీచరుకు మాత్రం మళ్లీ పోయి చెప్పు.

వచ్చేటప్పుడు గింజలు లెక్కపెట్టుకుని పన్నెండూ తెచ్చుకో. పసివాళ్లు ముక్కులో పెట్టుకుంటారు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు