పాత లెక్సస్ ఎస్‌సీ కొనొచ్చా, ఎల్‌సీ కోసం డబ్బులు కూడబెట్టాలా?

"టయోటా సోరర్ నుంచి లెక్సస్ ఎల్‌సీ దాకా ఏ జనరేషన్ బెస్ట్, పాతది కొంటే తప్పా" అని అడిగారు. సోరర్ టయోటా వాళ్ల రెండు డోర్ల కారు, దాని మూడో తరాన్నే బయటి దేశాల్లో తమ ఖరీదైన బ్రాండ్ లెక్సస్ కింద ఎస్‌సీ అని అమ్మారు. నన్నడిగితే 1991లో వచ్చిన ఆ ఎస్‌సీయేనండి, ఇంక ఆలోచించక్కర్లేదు. నా దగ్గర 1995 ఎస్‌సీ 400 ఏడేళ్లు ఉండేది, కాబట్టి పక్షపాతం ఉంది, ఒప్పుకుంటా.

2008లో డల్లాస్‌లో కొన్నా. రూమ్మేట్లు, వాళ్ల ఫ్రెండ్సు అందరూ ఒకటే గోల, క్యామ్రీ కొనకుండా రెండు డోర్ల బండేంటి, మైలేజెంత, రీసేల్ ఉంటుందా అని. మనవాళ్లకి కారంటే ఫిక్స్‌డ్ డిపాజిట్టే కదా.

ఆ వేసవిలో అమ్మానాన్నలొచ్చారు. నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. బానెట్ ఎత్తి చూసి ఎన్ని సిలిండర్లురా అన్నారు. ఎనిమిది, 4 లీటర్ల ఇంజన్ అన్నా. "మా బస్సుకే ఆరు, అరవై మందిని లాగేది. నువ్వొక్కడివి!"

హ్యూస్టన్ పక్కన పియర్లాండ్ మీనాక్షి గుడికి బయల్దేరాం, నాలుగు గంటల ప్రయాణం, నాన్న వెనక సీట్లో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని. పార్కింగ్‌లో రెండు పికప్ ట్రక్కుల మధ్య ఇరుకు జాగా దొరికింది. అమ్మ ఎలా దిగుతుందా అని నేను చూస్తుంటే డోరు కాస్త ముందుకి జరిగి అప్పుడు తెరుచుకుంది, అమ్మ హాయిగా దిగిపోయింది. నాన్న "ఇది సీటా, సామాన్ల అరా" అని తిట్టుకుంటూ బయటపడి, ఆ డోరు దగ్గరే ఆగిపోయారు. తీస్తారు, వేస్తారు, వంగి చూస్తారు. "ఇది మామూలు బందు కాదురా, నాలుగు లింకులేసి కట్టాడు, డోరు పొడుగు కదా, లేకపోతే పక్కబండికి కొట్టుకుంటుంది." అమ్మ కొబ్బరికాయ పట్టుకుని ఎండలో నిలబడి పిలుస్తూనే ఉంది. దర్శనం అయ్యాక మళ్లీ అదే పని.

అంత బుర్ర పెట్టి చేశారండి ఆ బండిని. అంతకుముందు 1981 సోరర్, 1986 సోరర్ రెండూ జపాన్ వాళ్ల కోసం చేసినవి, డబ్బాలా కోసిన షేపు. మొదటిదానికి డిజిటల్ మీటర్లు, ఆ ఏడాది జపాన్ కార్ ఆఫ్ ది ఇయర్ కూడా దానికే. రెండోదాన్లో 3 లీటర్ టర్బో, ఎలక్ట్రానిక్ ఎయిర్ సస్పెన్షన్. మూడోదాన్ని, అంటే నా ఎస్‌సీని, కాలిఫోర్నియాలోని టయోటా వాళ్ల డిజైన్ స్టూడియో కాల్టీకి ఇచ్చారు, వాళ్లు బెలూన్లలో ప్లాస్టర్ పోసి ఆ వంపులు పట్టుకున్నారు. నాన్నకి చెప్తే నమ్మలేదు. అదే బండి జపాన్‌లో సోరర్ పేరుతోనే, 2.5 లీటర్ ట్విన్ టర్బోతో కూడా అమ్మారు, ఎందుకంటే అక్కడ లెక్సస్ బ్రాండ్ 2005 దాకా లేదు.

ఇంకో చిరాకు. ఎస్‌సీ 300 (అదే బండి, 3 లీటర్ ఇంజన్‌తో) అమ్మేవాళ్లంతా "సుప్రా ఇంజన్", అంటే టయోటా స్పోర్ట్స్ కారు ఇంజన్ అని రేటు పెంచేస్తున్నారు. సుప్రాలో ఉన్న 2జేజెడ్ ఇంజనే, కాదనను, కానీ టర్బో లేనిది. టర్బో రేటు ఎందుకివ్వాలి?

2001లో తర్వాతి తరం, ఎస్‌సీ 430 వచ్చింది, మడతపడే అల్యూమినియం టాపు, 4.3 లీటర్ వీ8. టాపు దించితే డిక్కీలో రెండు బ్యాగులు పట్టవు. దాని గురించి ఇంతకంటే ఎక్కువ రాయను.

ఎల్‌సీ బాగుంటుంది, నిజమే. 2012 డెట్రాయిట్ షోలో ఎల్ఎఫ్-ఎల్‌సీ కాన్సెప్ట్ చూపించారు, మళ్లీ కాల్టీ వాళ్లదే, 2017లో రోడ్డెక్కింది. 5 లీటర్ వీ8, 471 హార్స్ పవర్, సౌండు వింటే ప్రాణం లేచొస్తుంది. కానీ బరువు 1,900 కిలోలు దాటింది, నాది 1,600 చుట్టుపక్కల. ఎస్‌సీ 400 వచ్చినప్పుడు 40 వేల డాలర్ల లోపే, ఎల్‌సీ 92 వేలతో మొదలైంది. అంత పెట్టేవాళ్లు ఇలా ప్రశ్నలడగరు కదా, కాబట్టి మీరు పాతదే చూస్తున్నారనుకుంటున్నా.

నేను 2015లో అమ్మేశా, పిల్లాడి కార్ సీటు వెనక పట్టక. మీరు చూడ్డానికి వెళ్తే ఇంజన్ సంగతి తర్వాత, ముందు డ్రైవర్ డోరు పూర్తిగా తెరిచి చివర పట్టుకుని పైకెత్తి చూడండి. అంత బరువు ముప్పై ఏళ్లు మోసిన బందులవి, లూజుంటే అక్కడే బేరం మొదలెట్టండి.