దిగులు తగ్గాలంటే ప్రకృతిని ఎలా గమనించాలి?

ఎప్పుడూ ఏదో ఒక దిగులు మనసును తొలుస్తూ ఉంటుందనీ, చెట్లనూ పక్షులనూ చూస్తే తగ్గుతుందని అందరూ చెబుతున్నా పార్కులో కూర్చున్నప్పుడు కూడా అవే ఆలోచనలు వస్తున్నాయనీ మీరు రాశారు. నా అనుభవంలో దిగులు నిజంగానే తగ్గుతుంది, కాని ఊరికే కూర్చుంటే తగ్గదు. ఏదో ఒక ప్రాణిని ఎంచుకుని, అది ఏం చేస్తోందో తెలుసుకుని తీరాలన్న పట్టుదలతో చూసినప్పుడే తగ్గుతుంది. కళ్ళ ఎదుట పచ్చదనం ఉన్నంత మాత్రాన మనసు అక్కడికి వచ్చి నిలవదు. దానికి అక్కడ ఒక పని అప్పగించాలి.

మాది గుంటూరు. మా అమ్మాయి అమెరికాలో హెచ్‌1బి వీసా మీద పనిచేస్తున్నప్పుడు ఆమె సంస్థ కొందరు ఉద్యోగులను తొలగించింది, ఆ జాబితాలో తన పేరు కూడా ఉంది. ఆ వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం పోయాక గరిష్ఠంగా 60 రోజుల గడువే ఉంటుంది. ఆలోగా మరో సంస్థ వారి తరఫున దరఖాస్తు చేయాలి, లేదా వేరే వీసాకు మారడానికి వారే దరఖాస్తు చేసుకోవాలి, రెండూ కుదరకపోతే దేశం విడిచి రావాలి. మనకు రాత్రి అయ్యేసరికి అక్కడ పగలు మొదలవుతుంది కాబట్టి, ఏ ఇంటర్వ్యూ ఏమైందోనని ఫోన్ పక్కన పెట్టుకుని తెల్లవార్లూ మేలుకుని ఉండేవాణ్ణి. నేను చేయగలిగింది ఏమీ లేదు. చేయడానికి ఏమీ లేని దిగులే మనిషిని ఎక్కువగా తినేస్తుందని నాకు అప్పుడు అర్థమైంది.

ఆ రోజుల్లో జంతుశాస్త్రం లెక్చరర్‌గా పనిచేసి రిటైరైన ఒక మిత్రుడు నన్ను ఉప్పలపాడు తీసుకెళ్ళారు. గుంటూరుకు దగ్గరలో, పెదకాకాని మండలంలో ఉన్న ఆ ఊరి చెరువు పెద్దదేమీ కాదు, ఇళ్ళకు దగ్గరలోనే ఉంటుంది. నీటి మధ్య పెరిగిన తుమ్మచెట్ల మీద గూడబాతులు (పెలికన్లు), ఎర్రకాళ్ళ కొంగలు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు (ఐబిస్ పక్షులు), నీటికాకులు కొమ్మ కనిపించనంతగా నిండి ఉంటాయి. ఊరివాళ్ళు వాటిని ఎవరూ వేటాడకుండా కాపాడుకుంటూ వస్తున్నారు. రెట్టల వాసన ఘాటుగానే ఉంటుంది, కొంతసేపటికి అలవాటవుతుంది. మొదట నాకు అన్నీ ఒకే రకం తెల్ల పక్షుల్లా కనిపించాయి. మా మిత్రుడు అందం గురించి ఒక్క మాట కూడా అనకుండా, చేతికి బైనాక్యులర్ ఇచ్చి, ఒక గూటిని చూపించి, ఆ పిల్లకు మేత ఎలా అందుతోందో చూసి చెప్పమన్నారు.

అది గూడబాతు గూడు. పెద్ద పక్షి వచ్చి వాలగానే పిల్ల రెక్కలు కొట్టుకుంటూ దాని ముక్కు మీదికి ఎగబడింది, తర్వాత తలను, మెడను దాని నోట్లోకి దూర్చేసింది. మింగి తెచ్చిన చేపలను తల్లి గొంతులోంచి పిల్లే అందుకుంటుందని తెలిశాక, ఆ ఒక్క మేత పూర్తయ్యేదాకా నేను కదల్లేదు. పక్క కొమ్మ మీద ఎర్రకాళ్ళ కొంగ గూట్లో వేరే పని జరుగుతోంది. ఎండ ఎక్కేకొద్దీ పెద్ద కొంగ రెక్కలు సగం విప్పి, పిల్లల మీద నీడ పడేలా నిలబడింది, ఎండ వచ్చే వైపు మారినప్పుడు అది కూడా కొంచెం తిరిగింది. తలిదండ్రులు గులాబీ రంగు ఈకలతో మెరుస్తుంటే పిల్లలు మాసిన బూడిద రంగులో ఉన్నాయి. ఆ రంగులు రావడానికి ఏళ్ళు పడుతుందని మా మిత్రుడు చెప్పారు. ఆ కొంగలకు పాట లేదు, ముక్కు రెండు భాగాలనూ టకటకమని కొట్టుకోవడమే వాటి పలకరింపు. నత్తగుల్ల కొంగ ముక్కు మధ్యలో సన్నని సందు ఉంటుంది, నత్తలను పట్టి లోపలి మాంసాన్ని బయటికి లాగడానికి తగినట్టుగా. ఆ సందును నా కళ్ళతో చూడాలని చాలాసేపు వెతికాను. కనిపించినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది, అంతసేపూ ఫోన్ జేబులోనే ఉండిపోయింది.

ఇంటికి రాగానే దిగులు మళ్ళీ వచ్చింది, అది మీకు దాచను. అయితే కొన్ని గంటలు అది లేకుండా గడిచాయన్న సంగతి నాకు తెలిసింది, ఆ రాత్రి కొంత నిద్ర పట్టింది. తర్వాత తరచూ వెళ్ళడం మొదలుపెట్టాను. గడువు ముగిసేలోపే అమ్మాయికి మరో ఉద్యోగం దొరికింది. అది పూర్తిగా తన ప్రయత్నమే, పక్షులను చూడటం వల్ల బయట ఏదీ మారలేదు. నా చేతిలో లేని దాన్ని నా చేతిలో లేనట్టుగానే ఉంచగలిగే బలం మాత్రం నాకు అక్కడే దొరికింది.

దీనికి పరిశోధనల మద్దతు కూడా కొంత ఉంది. 2015లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 38 మందిని రెండు బృందాలుగా చేసి, ఒక బృందాన్ని గడ్డిమైదానాల, ఓక్ చెట్ల మధ్య, మరో బృందాన్ని రద్దీ రహదారి వెంట 90 నిమిషాలు నడిపించారు. చెట్ల మధ్య నడిచినవారిలో బాధపెట్టే ఆలోచనలను పదే పదే తిరగేసుకోవడం తగ్గింది, దానితో సంబంధమున్న మెదడు భాగంలో చురుకుదనం కూడా తగ్గింది. చిన్న అధ్యయనమే కాబట్టి దీని నుంచి మరీ పెద్ద నిర్ధారణలు చేయకూడదు, కాని నాకు జరిగినదానికి దగ్గరగా ఉంది.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. వారాల తరబడి నిద్రాహారాలు కరువైనా, గుండెదడ వస్తున్నా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా చెరువు గట్టుకు వెళ్ళి సరిపెట్టుకోకండి, మానసిక వైద్యులను కలవండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో కూడా మాట్లాడవచ్చు.

మీది ఏ ఊరో రాయలేదు. కైకలూరు వైపు అయితే కొల్లేటి ఒడ్డున ఆటపాక పక్షుల కేంద్రం ఉంది, సూళ్ళూరుపేట వైపు అయితే నేలపట్టు, హైదరాబాద్ అయితే అమీన్‌పూర్ చెరువు. గూళ్ళు చూడాలంటే చలికాలంలో, ఎండ ఎక్కకముందే వెళ్ళండి. ఇవన్నీ దూరమైతే మీ వీధిలోని వేపచెట్టు చాలు. వేసవిలో కోకిల కూసినప్పుడు, అది ఏ కొమ్మ మీద ఉందో కనిపెట్టేదాకా వెతకండి. అలా కూసేది ఎర్రని కళ్ళున్న నల్లని మగపక్షి. గోధుమ రంగు ఒంటి మీద తెల్లని చుక్కలున్న ఆడకోకిల అదే చెట్టులో ఆకుల మధ్య ఉండవచ్చు. దగ్గర్లో కాకిగూడు ఉంటే వదలకుండా రోజూ చూడండి, ఎందుకంటే కోకిల అందులోనే గుడ్డు పెడుతుంది, కాకి తన పిల్లలతో పాటు కోకిల పిల్లను కూడా మేపుతుంది. మొదట్లో ఫొటోల జోలికి పోకండి, ఫోన్ బయటికి తీస్తే దానితోపాటు దిగులు కూడా బయటికి వస్తుంది. చిన్న నోటుపుస్తకంలో తేదీ, చూసినది ఒకటి రెండు వాక్యాల్లో రాసుకోండి. మర్నాడు ఏం చూడాలో ఆ వాక్యాలే చెబుతాయి.