కిక్‌ఆఫ్ కొట్టబోతున్న మేనల్లుడికి

చిన్నా,

నిన్ను స్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ టీంలో కిక్కర్‌గా, అంటే బంతిని కాలితో కొట్టేవాడిగా తీసుకున్నారని, కెప్టెన్ కూడా నువ్వేనని అమ్మ చెప్పింది. ఎడిసన్‌లో ఎదురొచ్చిన ప్రతివాడికీ చెప్పేశాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. శనివారాలు పిల్లల ఆటల్లో గజాలు కొలిచే చైన్ పట్టుకుని నిలబడ్డవాణ్ణి కదా, చూసినవన్నీ గుర్తొచ్చాయి. తెలుగు చదవడం కష్టమైతే అమ్మచేత చదివించుకో.

టీవీలో చూసే కిక్‌ఆఫ్ (ఆట మొదలుపెట్టే కిక్) మర్చిపో, 2024 నుంచి పెద్దవాళ్ల ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ పద్ధతే వేరు. మీరు మీ వైపు 40 గజాల గీత నుంచి కొడతారు. బంతి వాళ్ల గోల్ లైన్ దాటితే టచ్‌బ్యాక్, అంటే అక్కడితో ఆపి వాళ్లకి వాళ్ల 20 గజాల గీత దగ్గర బంతి ఇస్తారు. పక్కగీత బయటికి పోతే ఇంకా ముందుకి, 35 దగ్గర. కాబట్టి దూరం తగ్గినా సరే, బంతి లోపలే పడాలి.

ఇక టాస్. 1962లో హ్యూస్టన్‌లో, హ్యూస్టన్, డల్లాస్ జట్ల మధ్య ఏఎఫ్‌ఎల్ (అప్పటి ఇంకో ప్రొఫెషనల్ లీగ్) ఫైనల్ 17-17తో ఓవర్‌టైమ్‌కి, అంటే అదనపు సమయానికి వెళ్లింది. గాలి మనకు అనుకూలంగా ఉండాలి, గడియారం ఉన్న వైపు కోరుకో అని డల్లాస్ కోచ్ హ్యాంక్ స్ట్రామ్ చెప్పి పంపాడు. ఆ రోజు టీంకి రెండు టచ్‌డౌన్లూ చేసిన ఏబ్నర్ హేన్స్ టాస్ గెలిచి, గడియారం వైపు కిక్ చేస్తాం అన్నాడు. నోట్లోంచి ముందు కిక్ అనే మాట వచ్చింది కాబట్టి రిఫరీ అదే లెక్కలోకి తీసుకున్నాడు, వైపు ఎంచుకునే అవకాశం హ్యూస్టన్‌కి పోయింది. దాంతో బంతీ హ్యూస్టన్‌కే, గాలీ హ్యూస్టన్‌కే. చివరికి డల్లాస్ 20-17తో గట్టెక్కింది, కానీ రెండో ఓవర్‌టైమ్ దాకా ఊపిరి బిగబట్టుకోవాల్సి వచ్చింది. అంత గొప్ప ఆటగాడే టెన్షన్‌లో తడబడ్డాడు. మీ ఆటలోనూ టాస్ గెలిచి కిక్ అన్నావంటే, రెండో సగంలో కూడా వాళ్లే బంతి కోరుకుంటారు. రెండు సగాలూ మీరే కిక్ కొట్టాలి. డిఫర్ అను, అంటే మన ఎంపికను రెండో సగానికి వాయిదా వేస్తున్నాం అని. ఆ ఒక్క మాటే అను. అమ్మమ్మ దగ్గర ఎక్కాలు అప్పజెప్పినట్టు బస్సులోనే పదిసార్లు అనుకో.

అసలు భయం వేరే ఉంది. కిక్ కొట్టి, బంతి ఎంత ఎత్తు లేచిందా అని నిలబడి చూస్తావు, నాకు తెలుసు. నువ్వు ఐదు గజాలు ముందుకెళ్లినా, బంతి నేలను తాకినా ఇక వాళ్లు నిన్ను అడ్డుకోవచ్చు. బంతిని చూడటానికి మిగతా పదిమంది ఉన్నారు, నువ్వు నీ పక్కకి వచ్చేవాణ్ణి చూడు. 2016లో ఐవీ లీగ్ (హార్వర్డ్, యేల్ లాంటి కాలేజీల లీగ్) వాళ్లు కిక్‌ఆఫ్‌ని 40 గజాలకు జరిపితే టచ్‌బ్యాక్‌లు పెరిగి, ఎదురుపరుగులు తగ్గి, తల దెబ్బలు బాగా తగ్గాయి. పరుగున వచ్చి గుద్దుకుంటే దెబ్బ ఎలా ఉంటుందో దాన్నిబట్టే అర్థం చేసుకో.

తల దిమ్ముగా అనిపిస్తే వెంటనే కోచ్‌కి చెప్పు. దాచావో, ఊరుకోను నాన్నా. శుక్రవారం ఆటకి అత్తయ్యా నేనూ వస్తున్నాం, టైం మెసేజ్ పెట్టు.

మామయ్య