ఆకారం లేకపోవడమే దాని పని
"కో-యాక్టివేటర్ ప్రోటీన్లకు స్థిరమైన ఆకారమే లేదంటారు. మరి న్యూక్లియర్ రిసెప్టర్‌ను అంత కచ్చితంగా ఎలా పట్టుకుంటాయి?" అని ఒకరు అడిగారు. న్యూక్లియర్ రిసెప్టర్ అంటే హార్మోన్‌లాంటిది వచ్చి చేరితే జన్యువులను నడిపించే ప్రోటీన్. కో-యాక్టివేటర్ దానికి తోడై జన్యువును చదివించే ప్రోటీన్.

ఈ ప్రశ్న నా పీహెచ్‌డీలో మూడు వారాలు తినేసింది. ఏసీటీఆర్ అనే కో-యాక్టివేటర్‌లోని చిన్న ముక్కను బ్యాక్టీరియాలో తయారుచేసి ఎన్ఎంఆర్‌లో (అణువుల ఆకారాన్ని అయస్కాంతంతో పసిగట్టే యంత్రం) పెట్టాను. మడతపడిన, అంటే ఆకారమున్న ప్రోటీన్ అయితే చుక్కలు (దాదాపు ఒక్కో అమైనో ఆమ్లానికి ఒకటి) తెరంతా చెదిరి కనిపించాలి. నాకేమో హైడ్రోజన్ స్కేలు మీద 8కీ 8.5కీ మధ్య అన్నీ ఒకేచోట కుప్పపడ్డాయి. "పాడైపోయింది, మళ్ళీ చెయ్యి" అన్నారు గైడ్. చేశాను. అదే కుప్ప. పైగా ఇలాంటివాటిని కాస్త ఏమరుపాటుగా వదిలేస్తే ప్రోటియేజ్‌లు (ప్రోటీన్లను ముక్కలుచేసే ఎంజైములు) కొరికేస్తాయి, ఆ టెన్షన్ వేరు. చివరికి విసుగొచ్చి, సీబీపీ అనే మరో ప్రోటీన్‌లో దానికి జోడీ అయిన ముక్కను అదే ట్యూబులో కలిపాను. చుక్కలు విడివడి తెరంతా పరుచుకున్నాయి! ఆ జోడీ కూడా ఒంటరిగా ఉంటే కుదురులేనిదే. రెండూ కలిశాకే రెండూ మడతపడతాయి. ఇది 2002లోనే అచ్చయిందట. ముందే చదువుకోని పాపం నాదే.

రిసెప్టర్ దగ్గర కూడా ఇంచుమించు ఇదే కథ. హార్మోన్ చేరగానే రిసెప్టర్‌లోని 12వ హెలిక్స్ (స్ప్రింగులా మెలితిరిగిన భాగం) మూతలా పడి, పక్కన ఒక గాడి తయారవుతుంది. కో-యాక్టివేటర్ పొడవు సుమారు 1,400 అమైనో ఆమ్లాలు. అందులో లూసిన్, ఏవో రెండు, మళ్ళీ రెండు లూసిన్లు ఉన్న చోటు మాత్రం హెలిక్స్‌గా చుట్టుకుని గాడిలో కూర్చుంటుంది. రిసెప్టర్‌లోని లైసిన్ ఒక కొసను, గ్లుటమేట్ రెండో కొసను పట్టకారులా బిగిస్తాయి. మిగతాదంతా చాలావరకు వదులుగానే ఉండి సీబీపీని పిలుచుకొస్తుంది. సీబీపీ హిస్టోన్లకు (డీఎన్ఏ చుట్టుకుని ఉండే ప్రోటీన్లు) అసిటైల్ అనే చిన్న రసాయన ముక్కను తగిలిస్తే డీఎన్ఏ సడలి, జన్యువు చదవడానికి వీలవుతుంది.

అసలు నా కోపం, ప్రోటీన్లు తాళంలో తాళంచెవిలా సరిపోతాయని చెప్పే బొమ్మ మీద. మనిషిలో 48 న్యూక్లియర్ రిసెప్టర్లున్నాయి. అన్నిటికీ తాళంచెవులు ఎక్కణ్ణుంచి తెస్తాం? తీగ అయితే ఏ పందిరినైనా అల్లుకుంటుంది. పుస్తకాల్లో మాత్రం రిసెప్టర్‌కు రంగులద్ది, కో-యాక్టివేటర్‌ను ఓ చిన్న హెలిక్స్ ముక్కగా గీసి వదిలేస్తారు. మిగతా వెయ్యికి పైగా అమైనో ఆమ్లాలు గాలికి పోయినట్టు!

రొమ్ము క్యాన్సర్‌కు వాడే టామాక్సిఫెన్ మందు దెబ్బకొట్టేదీ ఆ గాడిలోనే. ఈస్ట్రోజన్ రిసెప్టర్‌లోని మూతను (అదే, 12వ హెలిక్స్‌ను) పక్కకు జరిపి తెచ్చి గాడిలో కూర్చోబెడుతుంది. ఆ మూతలోనూ లూసిన్ల వరసను పోలిన వరసే ఉంది కాబట్టి చక్కగా సరిపోతుంది. కో-యాక్టివేటర్ వచ్చేసరికి సీటు నిండిపోయి ఉంటుంది.