టెక్ సందేహాలు: కొత్త కార్డు పెట్టాక కంప్యూటర్ 'గీ' అంటోంది!

సందేహం: ఏడేళ్ల కిందట అసెంబుల్ చేయించుకున్న డెస్క్‌టాప్ మాది. పోయిన నెల ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు వేయించాను. అప్పటి నుంచి మూడు రకాల శబ్దాలు వస్తున్నాయి. గేమ్ మొదలుపెట్టగానే సన్నగా 'గీ...' మంటుంది. ఉండుండి లోపల టక్, టక్ అంటుంది. పాటలేమీ పెట్టకపోయినా స్పీకర్లలో 'జుయ్' మంటుంది, మౌస్ కదిపితే ఆ చప్పుడు మారుతుంది. షాపులో అడిగితే ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) పోతోంది, మార్చేయాలి అన్నారు. మార్చేయమంటారా? కొత్త కార్డు కూడా పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. (తెనాలి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఇప్పుడే మార్చకండి.

చాలామంది 'వింత శబ్దం వస్తోంది సార్' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. మీరు గీ, టక్, జుయ్ అని విడివిడిగా రాశారు. సగం రిపేరు అక్కడే అయిపోయింది. చప్పుళ్లకు మన భాషలో మాటల కరువా? గరగర, కిర్రు, టకటక, హోరు, రొద... ఒక్కో మాట ఒక్కో భాగాన్ని పట్టిస్తుంది. డీవీడీ డ్రైవ్‌ను పక్కన పెడితే మీ కేబినెట్‌లో కదిలేవి రెండే: ఫ్యాన్లు, హార్డ్ డిస్క్. గరగరలు, టకటకలు ఎక్కువగా వాటివే. కదలని భాగాలు చప్పుడు చేస్తే అది సన్నగా, సాగదీసినట్టుగా వస్తుంది.

మూడూ ఒకేసారి మొదలయ్యాయి కాబట్టి కారణం ఒకటే అనుకుంటున్నారు షాపువాళ్లు. నాకలా అనిపించడం లేదు. కార్డు కోసం కేబినెట్ తెరిచారు, అంతవరకే వాటి మధ్య చుట్టరికం.

మీరు గీ శబ్దం గురించి ఎక్కువ భయపడుతున్నారు. నాకు టక్ టక్ గురించే భయం. దయచేసి చదవడం ఇక్కడ ఆపి, ఫొటోలు, ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్కులోకి కాపీ చేసి రండి. మిగతాది తర్వాత చదవచ్చు.

హార్డ్ డిస్కులో పళ్లెం లాంటి బిళ్లలు నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతుంటాయి. వాటి మీద చిన్న హెడ్ తాకీ తాకనట్టు తేలుతూ డేటా చదువుతుంది. చదవలేకపోయినా, కరెంటు సరిగ్గా అందకపోయినా వెనక్కి వెళ్లి మళ్లీ మొదటి నుంచి ప్రయత్నిస్తుంది. ఆ రాకపోకలదే టక్. ఆ సమయంలో ఫోల్డర్ తెరుచుకోకుండా కంప్యూటర్ కాసేపు బిగుసుకుపోతోందా? అయితే అనుమానం డిస్కు మీదే. అలా కాకుండా టకటకటకమని వేగంగా వచ్చి, ఫ్యాన్ వేగంతో పాటు హెచ్చుతగ్గులవుతుంటే, కేబుల్ ఏదో ఫ్యాన్ రెక్కకు తగులుతున్నట్టు లెక్క. ఒక ప్లాస్టిక్ ట్యాగుతో కేబుల్‌ను వెనక్కి కట్టేస్తే సరి.

డిస్కే అనుకుంటే, కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, డిస్కుకున్న రెండు కేబుళ్లనూ ఊడదీసి మళ్లీ గట్టిగా పెట్టండి. ఆ గ్రాఫిక్స్ కార్డులు జానెడు దాకా, ఒక్కోసారి అంతకు పైనే పొడవుంటాయి. వాటిని లోపలికి తోసేటప్పుడు చెయ్యి తగిలి డిస్కు కేబుల్ వదులవడం నేను చాలాసార్లు చూశాను. అయినా టక్ పోకపోతే 'క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో' అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి, అందులో డిస్కులో చెడిన చోట్ల లెక్క చెప్పే 05, సీ5, సీ6 అనే మూడు వరుసలు చూడండి. చివరి గడిలో సున్నాలుంటే మంచిది. అంకెలుండి, వారం తర్వాత చూస్తే పెరిగి ఉంటే ఆ డిస్కును ఇక నమ్మకండి.

ఇక గీ. దీన్ని 'కాయిల్ వైన్' అంటారు. కార్డు మీద రాగితీగ చుట్టలుంటాయి, కరెంటును సర్దుబాటు చేసేది అవే. కరెంటు సెకనుకు వేలసార్లు పెరిగి తగ్గుతుంటే ఆ చుట్టలు కంటికి కనిపించనంతగా కంపిస్తాయి. మన చెవి సుమారు 20 హెర్ట్జ్ (అంటే సెకనుకు 20 కంపనాలు) నుంచి 20 వేల హెర్ట్జ్ దాకా పట్టుకుంటుంది. ఆ కంపనం ఈ హద్దులోకి వచ్చిందంటే మనకు కీచుమని వినిపిస్తుంది. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ రొద చేయదూ? రెగ్యులేటర్ తగ్గిస్తే సీలింగ్ ఫ్యాన్ మూలగదూ? అవీ దీని దాయాదులే.

ఇది ఆటలోకంటే ఆటకు ముందు వచ్చే మెనూలో ఎక్కువగా వినిపిస్తుంది. మెనూలో గీయడానికి పెద్దగా ఏమీ ఉండదు కాబట్టి కార్డు సెకనుకు వందల ఫ్రేములు (బొమ్మలు), ఒక్కోసారి వేలు, ఊరికే గీసి పారేస్తుంటుంది. మీ మానిటర్ 60 హెర్ట్జ్‌దైతే అందులో చూపించగలిగేది 60 మాత్రమే. అందుకే ఎన్‌విడియా (మీ కార్డు చిప్ కంపెనీ) కంట్రోల్ ప్యానెల్‌లో 'మేనేజ్ 3డీ సెట్టింగ్స్'లోకి వెళ్లి 'మ్యాక్స్ ఫ్రేమ్ రేట్'ను 60కి కుదించండి. గీ తగ్గిందంటే అది కాయిలే. దానివల్ల కార్డు పాడవదు. చాలా కంపెనీలు దీన్ని లోపంగా ఒప్పుకోవు కాబట్టి వారంటీ కోసం తిరిగితే చెప్పులు అరగడమే మిగులుతుంది.

ఒకవేళ తగ్గలేదనుకోండి. పాత పేపర్‌ను గొట్టంలా చుట్టి ఒక కొస చెవికి, రెండో కొస కేబినెట్ వైపు పెట్టి వినండి. కార్డు దగ్గర గట్టిగా ఉందో, ఎస్ఎంపీఎస్ దగ్గర గట్టిగా ఉందో తేలిపోతుంది. ఎస్ఎంపీఎస్‌లోనూ అలాంటి చుట్టలుంటాయి, అవీ కూస్తాయి. కానీ దాని మూత మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తెరవకండి. మన 230 వోల్టులు లోపలికి వెళ్లి 325 వోల్టులు, కొన్నింటిలో అంతకంటే ఎక్కువే కెపాసిటర్‌లో నిలవ ఉంటాయి, ప్లగ్ తీసినా వెంటనే పోవు.

స్పీకర్లలో జుయ్ అనేది ఎర్తింగ్ గొడవ కావచ్చు. ముందు అవే స్పీకర్లను ఫోన్‌కు తగిలించి వినండి. ఆ జుయ్ లేకపోతే తప్పు స్పీకర్లది కాదు. వాటి పిన్ను కేబినెట్ ముందువైపు ఉందా? వెనక మదర్‌బోర్డుకున్న ఆకుపచ్చ రంధ్రంలోకి మార్చండి. ముందు జాక్‌కు వెళ్లే సన్నటి తీగ చాలా కేబినెట్లలో మీ కొత్త కార్డు పక్కనుంచే పోతుంది, దాని రొదను మోసుకొస్తుంది. అప్పటికీ ఉంటే కొన్ని వందల రూపాయలకు దొరికే యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనుక్కోండి. గ్రాఫిక్స్ కార్డు పక్కన తీగలు పోని దారిలో శబ్దం బయటికొస్తుంది.

ఇంకో మాట. కేబినెట్ లోహం మీద వేలు పెడితే చురుక్కుమంటోందా? త్రీపిన్ ప్లగ్‌కు టూపిన్ కన్వర్టర్ తగిలించి వాడుతున్నారా? అయితే ఆడియో సంగతి తర్వాత, ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్తింగ్ చూపించండి. ఎర్త్ లేకపోతే ఎస్ఎంపీఎస్‌లోని ఫిల్టర్ల నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటుకు పోయే దారి లేక కేబినెట్ మీదే ఉండిపోతుంది.

మరి షాపువాళ్ల మాట పూర్తిగా తప్పా? కాకపోవచ్చు. 3060కి 170 వాట్లు కావాలి, 550 వాట్ల ఎస్ఎంపీఎస్ ఉండాలని ఎన్‌విడియానే చెబుతుంది. ఏడేళ్ల కిందటి పెట్టెలో అంత ఉందా, దాని మీది స్టిక్కర్ చూడండి. ఇంకా ముఖ్యంగా, కార్డు అంచున 8 పిన్నుల పవర్ కేబుల్ ఉంటుంది కదా, అది ఎస్ఎంపీఎస్ నుంచి నేరుగా వచ్చిందో, హార్డ్ డిస్కులకిచ్చే సాటా కనెక్టర్ నుంచి కన్వర్టర్ వేసి లాగారో చూడండి. 8 పిన్నుల కేబుల్ 150 వాట్లు మోయడానికి చేసింది. సాటా కనెక్టర్ 12 వోల్టుల దారిలో మోయగలిగేది 54 వాట్లే. అలా కన్వర్టర్ వేసి ఉంటే ఆ పిన్నులు వేడెక్కి కరిగిపోవచ్చు. ఆ టక్ టక్‌కు కూడా అదే కారణం కావచ్చు, ఎందుకంటే డిస్కుకు రావాల్సిన కరెంటును కార్డు లాగేసుకుంటుంది. అప్పుడు మాత్రం ఆలోచించకుండా ఎస్ఎంపీఎస్ మార్చండి. గేమ్ మధ్యలో కంప్యూటర్ ఠక్కున ఆరిపోతున్నా దాన్ని అనుమానించొచ్చు. గీ మంటోందని మాత్రం మార్చకండి. కొత్తదీ గీ మనొచ్చు.

సందేహం: ప్రాసెసర్ మార్చి కొత్త కూలర్ వేసుకున్నాను. బ్రౌజర్ తెరిచినా చాలు, హోరుమని రెండు సెకన్లు తిరిగి ఆగిపోతుంది. మళ్లీ అంతే. (కరీంనగర్)

జవాబు: కూలర్ అడుగున ఉండే పల్చటి ప్లాస్టిక్ పొర తీశారా? నవ్వకండి, నేనొకసారి తీయకుండా బిగించి, రెండు రోజులు పేస్టును (ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య రాసేది) తిట్టుకున్నాను. అది తీసి ఉంటే తప్పు ఫ్యాన్‌ది కాదు. కొత్త ప్రాసెసర్ల వేడి క్షణంలో 20 డిగ్రీలు ఎగిరి, క్షణంలో పడుతుంది. ఫ్యాన్ ప్రతిసారీ కంగారుపడుతుంది. బయోస్‌లో (విండోస్ మొదలవకముందే తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగ్స్) ఫ్యాన్ సెట్టింగ్స్‌కు వెళ్లి 'స్టెప్ అప్ టైమ్' లాంటిది ఉంటే నాలుగైదు సెకన్లకు పెంచండి. వేడిని బట్టి ఫ్యాన్ వేగాన్ని చూపే గీతను 60 డిగ్రీల లోపు వేగం పెరగకుండా సర్దండి.

సందేహం: ర్యామ్ ఇంకో 8 జీబీ వేశాక తెర మీద బొమ్మ రావడం లేదు, బీప్ బీప్‌మని ఆగకుండా మోగుతోంది.

జవాబు: ర్యామ్ సరిగ్గా కూర్చోకపోయి ఉండొచ్చు. తీసి, బంగారు రంగు పిన్నులను పిల్లల రబ్బరుతో మెల్లగా తుడిచి, పొడి దులిపి, క్లిప్ టక్కుమనేదాకా నొక్కండి. నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగులో వేయండి. కొత్తది ఒక్కటే వేసి చూస్తే అదే పాడైందో లేదో తెలుస్తుంది.

సందేహం: గ్రాఫిక్స్ కార్డు పెట్టాక ఆట మొదలైన ఐదు నిమిషాలకు 'కుయ్ కుయ్' మని మొత్తం ఆరిపోతోంది. కేబినెట్ అంతా వెతికాం, ఆ శబ్దం ఎక్కడిదో తెలియలేదు.

జవాబు: కేబినెట్ వదిలేసి, బల్ల కింద చూడండి. అరిచేది యూపీఎస్. ఇళ్లలో ఎక్కువగా కనిపించే 600 వీఏ (వోల్ట్ ఆంపియర్ల) యూపీఎస్ మోయగలిగేది సుమారు 360 వాట్లే. కార్డు, ప్రాసెసర్, మానిటర్ కలిసి ఆ హద్దు దాటితే అది కేకలు పెట్టి చేతులెత్తేస్తుంది. నిర్ధారణ కోసం ఒక్కసారి ప్లగ్‌ను యూపీఎస్ నుంచి తీసి నేరుగా గోడలోకి పెట్టి ఆడి చూడండి. కూత ఆగితే కనీసం 1000 వీఏది తీసుకోండి, కొనేముందు వీఏ కాకుండా వాట్లెన్నో అడగండి. లేజర్ ప్రింటర్ కూడా దానికే తగిలించి ఉంటే దాన్ని ఈరోజే తీసేయండి.