జింక్ ఆక్సైడ్ వేసిన ఆర్గానిక్ సోలార్ సెల్ మొదట మొరాయించి, దీపం కింద ఉంచాక ఎందుకు దారికొస్తుంది?

ప్రశ్న: మాది ఆమదాలవలస. ఎమ్మెస్సీ ఫిజిక్స్ ప్రాజెక్టు చేస్తున్నాను. ఐటీఓ (కరెంటు ప్రవహించే పారదర్శక పూత) ఉన్న గ్లాసు మీద జింక్ ఆక్సైడ్, దానిపై పీ3హెచ్‌టీ (కాంతిని పీల్చే పాలిమర్), పీసీబీఎం (ఎలక్ట్రాన్లను అందుకునే ఫుల్లరీన్ పదార్థం) కలిపిన పొర, ఆపైన మాలిబ్డినం ఆక్సైడ్, వెండి. మొదటిసారి కొలిస్తే కరెంటు-వోల్టేజి కర్వ్ ‘ఎస్’ ఆకారంలో వంగుతోంది. దీపం కింద పది నిమిషాలు ఉంచితే బాగవుతోంది. మర్నాడు మళ్లీ మొదటికొస్తోంది. పాలిమర్ పాడైందంటారా?

జవాబు: తమ్ముడూ, పాలిమర్ జోలికి వెళ్లకు. అనుమానించాల్సింది కింద ఎలక్ట్రాన్లను బయటికి తీసుకెళ్లే జింక్ ఆక్సైడ్‌ని. విజయనగరంలో ప్రాజెక్టు చేసినప్పుడు నేనూ ఈ గోతిలోనే పడ్డాను. రెండు నెలల పాటు పాలిమర్ ద్రావణం మార్చడమే పని. సీసాలో ఖరీదైన పాలిమర్ అయిపోయింది గానీ వంపు మాత్రం పోలేదు.

జరిగేది ఇదీ. జింక్ ఆక్సైడ్ పైభాగం గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. ఆ ఆక్సిజన్ జింక్ ఆక్సైడ్‌లోని ఎలక్ట్రాన్లను లాక్కుని కదలదు. పీసీబీఎం వైపు నుంచి వచ్చే ఎలక్ట్రాన్లు గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. ఫిల్ ఫ్యాక్టర్ (కర్వ్ ఎంత నిండుగా ఉందో చెప్పే కొలత) పడిపోయి ఎస్ వంపు కనబడేది అందుకే. జింక్ ఆక్సైడ్ బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్‌ను కదిలే స్థితికి లేపడానికి కావాల్సిన కనీస శక్తి) సుమారు 3.3 ఎలక్ట్రాన్ వోల్టులు కాబట్టి దాదాపు 375 నానోమీటర్ల కంటే తక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న కాంతినే అది పీల్చుకుంటుంది. నీ దీపంలో ఆ అతినీలలోహిత భాగం ఉంది. అది తగిలినప్పుడు పుట్టే హోల్స్ (ఎలక్ట్రాన్ లేచి వెళ్లిన ఖాళీలు) ఆక్సిజన్‌ను విడిపించి పంపేస్తాయి, దారి తెరుచుకుంటుంది. రాత్రంతా సెల్‌ను గాలిలో వదిలేస్తే ఆక్సిజన్ మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

నమ్మకం కుదరకపోతే 400 నానోమీటర్ల లోపు కాంతిని ఆపే ఫిల్టర్ ఒకటి దీపానికి అడ్డం పెట్టి, కొత్త సెల్‌ను కొలువు. అరగంట ఉంచినా వంపు పోలేదంటే దొంగ దొరికినట్టే.

ఇక పొర వేయడం గురించి. నేను వాడింది అందరికీ తెలిసిన పాళ్లే: జింక్ అసిటేట్ డైహైడ్రేట్ 1 గ్రాము, 2-మిథాక్సీ ఇథనాల్ 10 మిల్లీలీటర్లు, ఇథనాలమైన్ 0.28 గ్రాములు. రాత్రంతా కలియబెట్టి, గ్లాసు మీద వేసి వేగంగా తిప్పి (స్పిన్ చేసి), గాలిలోనే 200 డిగ్రీల దగ్గర గంటసేపు కాల్చాలి. సుమారు 30 నానోమీటర్ల పొర వస్తుంది. చెప్పడానికి ఇంతే. కానీ మన వైపు ఆషాఢ శ్రావణాల్లో గాలిని పిండితే నీళ్లు కారతాయి కదా, ఆ రోజుల్లో నా పొరలన్నీ పాలు చిలికినట్టు మసకగా వచ్చేవి. అలాగని తేమ బొత్తిగా లేకపోయినా కుదరదు. అసిటేట్ ఆక్సైడ్‌గా మారడానికి కాస్త నీటి ఆవిరి కావాలి. ఏసీ గది దొరికాక నా పొరలు తేటపడ్డాయి. ఇంకోసారి కాలుస్తుండగా నలభయ్యో నిమిషంలో కరెంటు పోయింది. ‘ఈమాత్రం చాల్లే’ అనుకుని ఆ గ్లాసులనే వాడేశాను. ఆ బ్యాచ్‌లో ఒక్క సెల్ కూడా పనికిరాలేదు. పొరలో అసిటేట్ మిగిలిపోయి ఉంటుంది.

ఆ మిథాక్సీ ఇథనాల్ పునరుత్పత్తికి హాని చేసే ద్రవం. చేతికి గ్లౌజులు లేకుండా, ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లను బయటికి లాగేసే పెట్టె) బయట సీసా మూత తీయొద్దు. మా రోజుల్లో మాకెవరూ చెప్పలేదు.

గ్లాసు కడగడం సంగతి పొందూరు పక్కనే ఉన్న నీకు చెప్పాలా? అక్కడ పత్తిలో నలుసు మిగలకుండా వాలుగ చేప దవడతో దువ్వుతారు. అంత ఓపిక కావాలి. సబ్బు నీళ్లు, డిస్టిల్డ్ వాటర్, ఎసిటోన్, ఐసోప్రొపనాల్, ఈ వరసలో ఏదీ వదలొద్దు.

పైన ఉన్న మాలిబ్డినం ఆక్సైడ్‌ను 10 నానోమీటర్ల మందంలో ఆవిరి పట్టిస్తే చాలు. గాలి తగిలితే దాని వర్క్ ఫంక్షన్ (ఎలక్ట్రాన్‌ను బయటికి తీయడానికి కావాల్సిన శక్తి) తగ్గిపోతుంది, అందుకే వాక్యూమ్ తెరవకుండా వెంటనే వెండి వేసెయ్. దీని మీద వైవాలో నాకు పరువు పోయింది. ‘హోల్స్‌ను తీసుకెళ్తుంది కాబట్టి ఇది పీ-టైప్’ అన్నాను ధీమాగా. ఎగ్జామినర్ నవ్వారు. అది ఎన్-టైపే, అంటే కరెంటును హోల్స్ కాక ఎలక్ట్రాన్లు మోసే రకం. దాని కండక్షన్ బ్యాండ్ (ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా తిరిగే శక్తి మట్టం) ఎంత లోతులో ఉంటుందంటే, పాలిమర్‌లో నిండిన మట్టాల్లో అన్నిటికన్నా పైదాన్లోని ఎలక్ట్రాన్ నేరుగా అందులోకి దిగిపోతుంది. వెనక మిగిలే ఖాళీయే హోల్. నిజమైన పీ-టైప్ కావాలంటే నికెల్ ఆక్సైడ్ ఉంది. 2008లోనే పీ3హెచ్‌టీ సెల్‌లో దాన్ని వాడి 5.2 శాతం సామర్థ్యం చూపించారు. హోల్స్ కోసం చాలామంది వాడే పెడాట్ పీఎస్ఎస్ అనే పాలిమర్ మాత్రం మన వాతావరణంలో నాకు నచ్చదు. ఆమ్ల గుణంతో ఐటీఓను తింటుంది, పైగా తేమ పీలుస్తుంది.

ప్రస్తుతానికి జింక్ ఆక్సైడ్ మార్చక్కర్లేదు. వెండి వేశాక ఎపాక్సీతో పైన గాజు పలక అతికించు. ఆక్సిజన్ లోపలికి చేరడం చాలావరకు తగ్గుతుంది, మర్నాటి టెన్షన్ కూడా తగ్గుతుంది. రేపు పీసీబీఎం బదులు వాడే వై6 లాంటి నాన్-ఫుల్లరీన్ పదార్థాలకు వెళ్తే అప్పుడు టిన్ ఆక్సైడ్ చూడు. అతినీలలోహిత కాంతిలో జింక్ ఆక్సైడ్ ఫోటోక్యాటలిస్ట్‌లా (కాంతి సాయంతో రసాయన చర్యను వేగం చేసే పదార్థంలా) పనిచేసి, అలాంటి అణువుల్లోని జంట బంధాలను తెంచేస్తుంది. టిన్ ఆక్సైడ్‌కు ఆ జబ్బు తక్కువ, 150 డిగ్రీల దగ్గరే పని అయిపోతుంది.

ముందు ఆ ఫిల్టర్ పరీక్ష చెయ్. ఫిల్టర్‌తో ఒకటి, లేకుండా ఒకటి, రెండు కర్వులూ ఒకే గ్రాఫ్ మీద గీసి ఇక్కడే పెట్టు, చూస్తాను.