వాడి నోట్సులో నా చేతిరాత

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా కొండపి వైపు పల్లె. మా వాడు ఒంగోలులో ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతి, ఇంగ్లీషు మీడియం. పొద్దున ఏడింటికి బస్సెక్కితే సాయంత్రం ఆరింటికి దిగుతాడు. మిగతా సబ్జెక్టులు ఎలాగో లాక్కొస్తున్నాడు గానీ తెలుగు హోంవర్కు దగ్గరే ఇంట్లో రోజూ గొడవ. పాఠం వెనక ప్రశ్నలకు జవాబులు ఐదేసి సార్లు రాయాలి. ప్రతిపదార్థాలు, సొంతవాక్యాలు, పైన చార్టులు. ఆలస్యమైతే మార్కులు కోస్తారు, పూర్తి కాకపోతే క్లాసు బయట నిలబెడతారు. రెండు గంటలు కూర్చున్నా సగం కూడా కాదు, ఏడుస్తాడు. చూడలేక కొన్నాళ్ళుగా వాడు పడుకున్నాక నేనే వాడి అక్షరాల్లా వంకరగా రాసి పెడుతున్నాను. మొన్న మా ఆయన పొగాకు కాల్చే బ్యారన్ కాడ నుంచి వచ్చి చూశాడు. 'వాణ్ణి చెడగొట్టేది నువ్వే' అని నన్ను తిట్టి, నిద్రలేపి వాణ్ణి కొట్టాడు. మా అత్తమ్మ ఏమో 'తెలుగు రాయడానికి కూడా ఏడుపేందిరా' అంటుంది. నేను చేస్తున్నది తప్పా? టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, మీరు రాసి పెట్టడం ఈ రాత్రి నుంచే ఆపేయండి. అది తప్పు అని కాదు. రేపు బయట నిలబడతాడేమోనన్న భయంతో చేశారు, ఆ భయం ఉత్తిది కాదు. కానీ దానివల్ల ఒక పెద్ద నష్టం జరుగుతోంది. నోట్సు నిండుగా ఉంటే టీచరు ఏమనుకుంటారు? ఈ పిల్లాడికి ఇంత పని ఇవ్వొచ్చు, చేసేస్తున్నాడు అనుకుంటారు. మీ వాడు ఎక్కడ ఆగిపోతున్నాడో చెప్పగలిగేది ఆ నోట్సు ఒక్కటే, దాని నోరు మీరే మూసేస్తున్నారు.

ఇక అసలు సంగతికి వద్దాం. ఏడో తరగతి పిల్లాడు తెలుగు రాయడానికి రెండు గంటలు కూర్చుని సగం కూడా చేయలేకపోతున్నాడంటే, దాన్ని బద్ధకం అనేముందు ఒక చిన్న పని చేయండి. ఆదివారం పూట, హోంవర్కు ఊసే లేకుండా, నాలుగో తరగతి తెలుగు వాచకంలో ఒక పేజీ పైకి చదవమనండి. తిట్టొద్దు, మధ్యలో అందించొద్దు, వినండి చాలు. గడగడా చదివి అర్థం చెప్పగలిగితే వాడికి ఉన్నది రాత మీద విసుగు మాత్రమే. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, ఒత్తుల దగ్గర ఆగుతూ, లైను తప్పిపోతూ చదివితే మాత్రం సమస్య హోంవర్కుది కాదు. చదవడం రాని పిల్లాడు జవాబును బొమ్మ గీసినట్టు గీస్తాడు. ఒక్కో అక్షరం చూసి రాస్తున్నప్పుడు రెండు గంటలు కాదు, నాలుగు గంటలైనా పడుతుంది.

ఇది మీ ఇంట్లోనే ఉన్న తంతు కాదు. ఇంగ్లీషు మీడియం పిల్లలు లెక్కలు, సైన్సు, సోషల్ అన్నీ ఇంగ్లీషులో చదివి, తెలుగు పేజీ తిప్పేది ఆ ఒక్క పీరియడ్లోనే. ఇంట్లో మాట్లాడేది తెలుగే కదా, దానికదే వస్తుందిలే అని మనమూ ఊరుకుంటాం. మాట్లాడటం వచ్చినంత మాత్రాన రాత రాదమ్మా. మాటలో మనం శ, ష, స మూడింటినీ దాదాపు ఒకేలా పలుకుతాం, ఖ, ఘ లాంటి మహాప్రాణాలను తేల్చేస్తాం. కాగితం మీద అవి వేరు వేరు అక్షరాలు. మీ అత్తమ్మ గారికి ఈ మాట నెమ్మదిగా చెప్పండి. ఆవిడకు వేమన, సుమతి పద్యాలు నోటికి వచ్చే ఉంటాయి. దెప్పడం మాని రాత్రి అన్నం తినేటప్పుడు రోజుకో పద్యం వాడితో చెప్పించమని ఆవిడకే ఆ పని అప్పగించండి. పద్యం నోటికొచ్చాక అదే పద్యం పుస్తకంలో చూపించి వేలుపెట్టి చదివిస్తే కళ్ళకు అక్షరాలు త్వరగా అలవాటవుతాయి.

జవాబు ఐదుసార్లు రాయించడం గురించి నా అభిప్రాయం దాచుకోను. తప్పుగా రాసే పిల్లాడు ఐదుసార్లు రాస్తే ఆ తప్పు ఐదుసార్లు గట్టిపడుతుంది, అంతే. దాని బదులు వాడు తప్పు రాసిన మాటలు నాలుగైదు తీసి మర్నాడు చూడకుండా చెప్పి రాయించడం వెయ్యి రెట్లు మేలు. అలాగని ఆ టీచర్ని దుర్మార్గులుగా చూడకండి. ప్రైవేటు స్కూళ్ళలో ఒక్కో టీచరుకు నాలుగైదు సెక్షన్లు ఉండటం మామూలే. నోట్సు నిండకపోతే మా ఫీజు దండగైందని ఆఫీసు రూములో కేకలేసే తల్లిదండ్రులూ ఉన్నారు. రాత పనిలో సగం వాళ్ళకు చూపించడానికే.

మీరు స్కూలుకు వెళ్ళేటప్పుడు చేతిలో పెట్టుకోవలసిన సంగతి ఒకటుంది. కేంద్ర విద్యాశాఖ 2020లో స్కూలు బ్యాగుల మీద ఇచ్చిన విధానంలో హోంవర్కు సంగతి కూడా రాశారు. రెండో తరగతి దాకా హోంవర్కే వద్దు. మూడు నుంచి ఐదు దాకా వారానికి రెండు గంటలకు మించొద్దు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు రోజుకు గంట. ఆ గంట ఒక్క తెలుగుకు కాదు, అన్ని సబ్జెక్టులకూ కలిపి. ఇది మార్గదర్శకమే, దీన్ని చూపించి కేసు వేసేదేమీ లేదు. కానీ మాట్లాడటానికి ఒక ఆధారం. క్లాసు బయట నిలబెట్టడం సంగతి మాత్రం వేరు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. దీన్ని మొదటి మాటగా ఎత్తకండి. మర్యాదగా అడిగినా శిక్ష ఆగకపోతే అప్పుడు హెడ్మాస్టరు దగ్గర ఎత్తండి.

టీచరుతో ఎలా మొదలుపెట్టాలంటారా? ముందు డైరీలో మొదలుపెట్టండి. సాయంత్రం వాడు ఏదో తిని, కాసేపు ఆడుకున్నాక ఏడున్నరకు కూర్చోబెట్టి గడియారం చూడండి. ఎనిమిదిన్నర కాగానే ఎక్కడున్నా ఆపించండి. ఆగిన చోట గీత గీసి, 'సార్, మా వాడు గంటసేపు శ్రద్ధగా కూర్చుని ఇంతవరకు రాశాడు, మిగతాది నేనే ఆపించాను' అని మీ చేతిరాతతోనే రాసి సంతకం చేయండి. ఓ వారం అలా రాశాక మీరే వెళ్ళి కలవండి. ఇన్నాళ్ళూ కొన్ని పేజీలు నేను రాసి పెట్టాను అని ఒప్పేసుకోండి. ఆ టీచరు ఎప్పుడో పోల్చే ఉంటారు, పెద్దవాళ్ళ వంకర రాత పిల్లల వంకర రాతలా ఉండదు! తగ్గించండి అని ఊరికే అడగొద్దు, ఐదుసార్ల బదులు ఒక్కసారి తప్పుల్లేకుండా రాస్తాడు, మిగిలిన టైములో పది నిమిషాలు పైకి చదువుతాడు, రోజూ నేను సంతకం పెడతాను అని అడగండి. టీచర్లు ఇలాంటి బేరానికి చాలాసార్లు ఒప్పుకుంటారు. ఆలస్యానికి మార్కులు కోస్తే కోయనివ్వండి. ఏడో తరగతి తెలుగు మార్కులు రేపు ఎవరూ అడగరు.

చార్టుల గొడవలోకి నేను పోను. కొని అంటించిన బొమ్మల వల్ల ఏ పిల్లాడికీ తెలుగు రాలేదు.

మీ ఆయన సంగతి. కొట్టడం తప్పు, అందులో నిద్రలేపి కొట్టడం మరీ తప్పు. అది ఆయనకు చెప్పాల్సిందే, కానీ వాడి ఎదుట కాదు. ఆకు రెలుపు, అదే ఆకు కోత, మొదలైతే బ్యారన్ దగ్గర మంట చూసుకుంటూ రాత్రిళ్ళు నిద్ర ఉండదని నాకు తెలుసు. అలసిపోయి వచ్చిన మనిషికి మీరు దొంగతనంగా నోట్సు రాస్తూ కనబడ్డారు, దాచారన్న కోపం కూడా అందులో ఉంది. పైన చెప్పిన పేజీ చదివించే పని ఆయన ఇంట్లో ఉన్న పూట చేయండి. కొడుకు నాలుగో తరగతి పేజీ దగ్గర తడబడటం చెవులారా వింటే 'చెడగొట్టేది నువ్వే' అన్న మాట ఆయన నోటినుంచి మళ్ళీ రాకపోవచ్చు. సొంతవాక్యాలు, వ్యాసాలు వచ్చినప్పుడు వాణ్ణి నాన్న దగ్గరికి పంపండి. నారు పోసిన దగ్గర్నుంచి బేళ్ళు వేలం కేంద్రానికి చేరేదాకా ఏమేం చేస్తారో ఆయన చెబితే వాడు రాసుకోవాలి. గైడులో దొరకని వ్యాసం అది, అందులో మాటలన్నీ వాడికి తెలిసినవే.

నిద్ర విషయం మర్చిపోకండి. పన్నెండేళ్ళ పిల్లాడికి కనీసం తొమ్మిది గంటల నిద్ర కావాలి. ఏడింటి బస్సు అంటే రాత్రి తొమ్మిదికల్లా పక్క మీద ఉండాలి. మీరు కూడా.

ఇలా ఉగాది దాకా చూడండి. రోజూ పది నిమిషాలు చదివించినా ఆ నాలుగో తరగతి పేజీ దగ్గర మార్పు కనబడకపోతే, ఇంగ్లీషు చదవడంలో కూడా అదే తడబాటు ఉంటే, ముందు కళ్ళు పరీక్ష చేయించండి. అవి బాగుంటే పిల్లల డాక్టరుకు చూపించి, అభ్యసన వైకల్యం (చదవడం, రాయడం నేర్చుకోవడంలో ఉండే ఇబ్బంది) ఉందేమో సైకాలజిస్టుతో పరీక్ష చేయించమని అడగండి. తెలివికి దానితో సంబంధం లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అదీ ఒకటి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద మండలాల్లో భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. మీ మండలంలో అది ఎక్కడుందో ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో అడిగితే చెబుతారు. వెళ్ళేటప్పుడు వాడు సొంతంగా రాసిన నోట్సు తీసుకెళ్ళండి, మీరు రాసిన పేజీలున్నది కాదు.